నేల నుండి లేచు ధూళి
అణు ప్రమాదముల తరువాత గ్రామములు నేర్చుకొనిన సంగతులు

కళ్లములో ధాన్యము తూర్పారబట్టు రైతునకు గాలి చేయు పని ఎట్టిదో ఒకరు చెప్పవలసిన అవసరము లేదు. చేటతో ఎత్తి పోసినపుడు బరువైన గింజ కాళ్లకడనే రాలును. తాలు బారెడు దూరము పోయి పడును. పొట్టు కళ్లము దాటి పోవును. అంతకంటెను సన్నని దుమ్ము ఎచ్చటికి పోయినదో ఎవరును గమనింపరు. అణుశక్తి కర్మాగారములలో పెద్ద ప్రమాదము సంభవించి, రేడియోధార్మిక పదార్థములు పొలముల మీదను, పచ్చిక బయళ్ల మీదను, ఇండ్ల కప్పుల మీదను పడిన తరువాత గాలి ఈ పనినే చేయుచుండును. మొదటి మేఘము దాటిపోయినంత మాత్రమున గాలి వలని భయము తీరిపోదు. నేలపై నిలిచినది మరల లేచుటకు అవకాశము గలదు. అయితే అది ఎంత లేచును, ఎవరికి హాని చేయును, దేనిచేత అణగును అను సంగతులు తెలియక భయపడుట ఎంత నష్టకరమో, తెలియక ఉపేక్షించుటయు అంత నష్టకరము. ఇతర దేశముల గ్రామములు ఎంతో మూల్యము చెల్లించి నేర్చుకొనిన ఈ సంగతులను పంచాయతీ సభ్యుల ముందుంచుటకు ప్రయత్నించుచున్నాము.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో విద్యుత్తు నుత్పత్తి చేయుచున్న అణు కేంద్రము నేటివరకు లేదు. పొరుగు రాష్ట్రములలోని కైగా, కల్పాక్కము కేంద్రముల విద్యుత్తులో మాత్రము మనకును కొంత భాగము వచ్చుచున్నది. కావున ఇది మన ఊరి ముంగిట నిలిచిన ఆపద యని మేము చెప్పుటలేదు. కాని అణు ప్రమాదముల విషయమున అనుసరింపవలసిన మార్గదర్శక సూత్రములను మన జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2009లోనే ప్రకటించినది. ఏ ఆపద వచ్చినను గ్రామస్థులు మొట్టమొదట వచ్చి అడుగునది సర్పంచినే గదా! “పొలమునకు పోవచ్చునా? కిటికీ తెరువవచ్చునా? పిల్లలకు పాలు పోయవచ్చునా?” అని మూడు ప్రశ్నలు వచ్చినచో, వానిలో దేనికి ముందుగా సమాధానము చెప్పవలెనో తెలిసియుండుట మేలు.

నేలపై పడునది ఏది?

రియాక్టరులో యురేనియము పగులునపుడు అనేక కొత్త పదార్థములు పుట్టును. ఇవి నిలుకడలేనివి. కిరణములను వెలువరించుచు క్రమముగా వేరు పదార్థములుగా మారిపోవును. ప్రతి పదార్థమునకు దాని శక్తి సగమునకు తగ్గుటకు పట్టు కాలము నియతమై యుండును. అయొడిన్-131 అనుదానికి ఈ కాలము 8 రోజులు మాత్రమే. సీజియం-137కు 30 సంవత్సరములు. స్ట్రాన్షియం-90కు సుమారు 29 సంవత్సరములు. ప్లుటోనియం-239కి 24,000 సంవత్సరములు. అనగా తొలి వారములలో అయొడినును, తరువాత ఒకటి రెండు తరముల కాలము సీజియము, స్ట్రాన్షియములును ముఖ్యమగుచున్నవి. ప్లుటోనియము మానవ చరిత్ర కంటె దీర్ఘమైన ఆయువు గలది. అదృష్టవశమున అది బరువైన రేణువులతో కలిసి ప్రమాదస్థలమునకు దగ్గరలోనే ఎక్కువగా పడును.

ఈ పదార్థములను కొలుచు మానమునకు బెకరెల్ అని పేరు. సెకనునకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నమైనచో అది ఒక బెకరెల్. ఇది మిక్కిలి చిన్న కొలత. ఆరోగ్యవంతుడైన మనుష్యుని శరీరములోనే, ప్రకృతిసిద్ధముగా నుండు పొటాసియము వలన, 4,000 బెకరెల్‌లకు అటునిటుగా ఉండును. కనుక వార్తలలో వేలు, లక్షలు అను సంఖ్యలు వినబడినంతనే గుండె బేజారు కానక్కరలేదు. అవి ఎచ్చట, ఎంత మేరలో నున్నవి అని అడుగవలెను.

సీజియమునకు ఒక ముఖ్యమైన గుణము గలదు. అది పొటాషు ఎరువునకు బంధువు వంటిది. బంకమట్టిలోని సన్నని రేణువులను గట్టిగా పట్టుకొనును. ఒకసారి పట్టుకొనిన పిమ్మట వర్షము కురిసినను సులభముగా క్రిందికి దిగదు. దున్నని నేలలో అది దశాబ్దములు గడచినను పై మూడు నాలుగు అంగుళములలోనే చాలవరకు నిలిచియుండును. దీని వలన ఒక మేలును, ఒక కీడును గలవు. త్రాగు నీటి బావులలోనికి అది సులభముగా చేరదు. కాని గాలి లేపునది సరిగా ఆ పైపొరనే. అందులోను గాలి తీసుకొనిపోవునది సన్నని బంక రేణువులనే. కనుక గాలిలో తేలు ధూళి, అది లేచిన నేలకంటె, తూకమునకు తూకము ఎక్కువ సీజియమును మోయుచుండును.

ఎండిన మడుగు

నేల నుండి లేచిన ధూళి ఎంత పని చేయగలదో స్పష్టముగా చూపిన సంఘటన 1967లో సోవియట్ యూనియనులో జరిగినది. ఊరల్ పర్వతములకు తూర్పున, చెల్యాబిన్స్క్ ప్రాంతమున మాయక్ అను కర్మాగారము బాంబులకు కావలసిన ప్లుటోనియమును తయారుచేయుచుండెను. అచ్చట 1957 సెప్టెంబరు 29న వ్యర్థద్రవముల తొట్టి ఒకటి చల్లార్పు వ్యవస్థ చెడి ప్రేలిపోయినది. కిష్టిం ప్రమాదమని పేరొందినది ఇదియే. దాని మేఘము ఈశాన్య దిశగా మూడువందల కిలోమీటర్ల దూరము పోయినది. పది వేలమందికి పైగా ప్రజలను వారి గ్రామములనుండి తరలింపవలసివచ్చినది. కాని మేమిప్పుడు చెప్పబోవునది ఆ ప్రేలుడును గూర్చి కాదు.

ఆ కర్మాగారమునకు సమీపముననే కరచాయ్ అను చిన్న మడుగు ఉండెడిది. దానినుండి బయటకు పారు వాగు ఏదియు లేదు. ఆ కారణము చేతనే 1951 నుండి మిక్కిలి తీవ్రమైన వ్యర్థద్రవములను అందులో పోయసాగిరి. నీరు బయటకు పోవు దారి లేదు గనుక విషమునకును దారి లేదని అనుకొనిరి. నీటికి పైకి పోవు దారి కూడ నున్నదని వారు లెక్కవేయలేదు. 1966–67 చలికాలమున మంచు తక్కువగా కురిసెను. తరువాతి వసంతము పొడిగా నుండెను. మడుగు అంచులు ఎండి, అడుగున పేరుకొనిన ఒండ్రు బయటపడినది. వైశాఖమాసమున మన చెరువుల గర్భము ఎట్లుండునో తెలిసినవారికి తక్కిన కథ చెప్పనక్కరలేదు. నెఱియలు విచ్చి, పై పొర అట్టలు గట్టి, పశువు త్రొక్కినను పొడియై లేచును గదా. ఆ పొడి వసంతపు గాలులతో లేచి వెయ్యికి పైగా చదరపు కిలోమీటర్ల నేలపై పడెను. దానిలోని రేడియోధార్మికత సుమారు 600 క్యూరీలని, అనగా 22 లక్షల కోట్ల బెకరెల్‌లని అంచనా. అందు సీజియము, స్ట్రాన్షియములే ప్రధానమైనవి.

ఇచ్చట ఏ యంత్రమును ప్రేలలేదు. ఆ రోజున ఏ ఉద్యోగియు పొరపాటు చేయలేదు. వానలేమి, గాలి – ఈ రెండే చాలినవి. పది సంవత్సరముల క్రితము ప్రేలుడుచే బాధపడిన ప్రాంతముననే ఈ రెండవ పాటు కలిగినది. ఆ తరువాత మడుగును బోలు కాంక్రీటు దిమ్మెలతోను, రాళ్లతోను, మట్టితోను పూడ్చుట మొదలిడిరి. ఆ పని పూర్తియై నీటి ఉపరితలము సంపూర్ణముగా కప్పబడినది 2015లో మాత్రమే. చుట్టుపట్ల గ్రామములవారికి ఈ విషయములేవియు ఆనాడు చెప్పలేదు. 1957 నాటి ప్రేలుడునే సోవియట్ ప్రభుత్వము 1989 వరకు బహిరంగముగా ఒప్పుకొనలేదు. రహస్యము ధూళిని అణచలేదని మాత్రము వ్రాయక తప్పదు.

చెర్నోబిల్ పల్లెలు

1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున, ప్రస్తుతము యుక్రెయిను దేశములో నున్న చెర్నోబిల్ కేంద్రపు నాలుగవ రియాక్టరు ప్రేలి, పది దినములపాటు గాలిలోనికి రేడియోధార్మిక పదార్థములను విడిచినది. మరునాడు ప్రిప్యత్ పట్టణమునుండి సుమారు 49,000 మందిని బస్సులలో తరలించిరి. మే నెల తొలి దినములలో చుట్టు 30 కిలోమీటర్లలోని పల్లెలను ఖాళీ చేయించిరి. ఆ సంవత్సరమున తరలింపబడినవారు మొత్తము 1,16,000 మంది. పశువులను గూడ వేలకొలది తోలుకొనిపోవలసివచ్చినది.

ప్రజలు వెళ్లిపోయిన పిమ్మట అచ్చట మిగిలిన పనివారికి పెద్ద శత్రువు దుమ్మే యైనది. వేలాది లారీలు, బుల్డోజరులు, సైనిక వాహనములు నిత్యము తిరుగుచుండెను. ఒక్కొక్క చక్రము రోడ్డు అంచున పడినదానిని మరల లేపుచుండెను. ఇందులకు వారు చేసిన ఉపాయము మన ఇల్లాండ్రు ప్రతి ఉదయము చేయునదే. వాకిలి ఊడ్చుటకు ముందు కల్లాపి చల్లినట్లు, రోడ్లను రాత్రింబగళ్లు నీటి లారీలతో తడుపుచుండిరి. ఎండలో నీరు త్వరగా ఆరిపోవును గనుక పొలముల మీదను, కేంద్రపు ఆవరణ మీదను హెలికాప్టరులనుండి జిగురు ద్రవములను చల్లిరి. సారాయి బట్టీలలో మడ్డినుండి సారా దిగిన పిమ్మట మిగులు జిడ్డు ద్రవము వీనిలో ఒకటి. అది ఆరి నేలపై పెచ్చు గట్టి దుమ్మును పట్టి ఉంచెడిది. వానలు పడి, వాహనములు త్రొక్కి, ఆ పెచ్చు పగిలిపోగా మరల చల్లెడివారు. నిషిద్ధ ప్రాంతపు సరిహద్దులలో వాహనములను కడిగి, కొలిచి, ఆపైననే బయటకు పోనిచ్చుచుండిరి. లోపల తిరుగు బండి లోపలనే, బయట తిరుగు బండి బయటనే యుండునట్లు ప్రయాణికులను హద్దువద్ద బండి మార్పించుట గూడ ఇందులకే.

కొపాచి అను పల్లె కేంద్రమునకు మిక్కిలి సమీపమున నుండెను. దాని ఇండ్లను కూల్చి, ఉన్నచోటనే గోతులు త్రవ్వి పూడ్చివేసిరి. పిల్లల బడి వంటి ఒకటి రెండు కట్టడములు మాత్రము మిగిలినవి. ఊరు ఉండిన చోట నేడు గడ్డి పెరిగిన దిబ్బలు, వాని మీద హెచ్చరిక గురుతులు కానవచ్చును. ఆ దిబ్బలపై గడ్డి ఉండుటయు యాదృచ్ఛికము కాదు. మట్టిని పట్టి ఉంచుటకు గడ్డి వేళ్లను మించిన జిగురు లేదు.

గాలి నేలపై ఎట్లు పనిచేయునో ఇచ్చట కొంచెము చెప్పవలెను. సన్నని దుమ్ము తనంతట తాను లేవదు. అది నేలకు అంటుకొని యుండును. గాలి వేగము గంటకు సుమారు 20 కిలోమీటర్లు దాటినపుడు పొడి నేలపై ఇసుక రేణువులు గంతులు వేయ నారంభించును. ఆ రేణువు ఎగిరి పడినపుడు, వాన చినుకు పడినచోట బురద చిందినట్లు, సన్నని దుమ్ము పైకి చిమ్మును. ఇసుక రేణువు మరల నేలకు వచ్చును. దుమ్ము రాదు. అందలి పెద్ద రేణువులు ముక్కులోను, గొంతులోను చిక్కుకొని బయటకు వచ్చివేయును. మిల్లీమీటరులో నూరవ వంతుకంటె సన్ననివి మాత్రము ఊపిరితిత్తులకు చేరగలవు. నేల తడిగా నున్నచో రేణువు గంతు వేయజాలదు. గడ్డి యున్నచో నేలను తాకు గాలికి వేగముండదు. నేల పొడియై, బోడియై, కదలింపబడినదై యుండినప్పుడే ధూళి దండిగా లేచును.

ఒక లెక్క

పంచాయతీ సభ్యులు ఓపికతో ఈ లెక్కను చూడవలెనని కోరుచున్నాము. ఏలయనగా, సర్పంచి నడుగు మూడు ప్రశ్నలలో దేనికి మొదటి స్థానమియ్యవలెనో ఇదియే తేల్చును.

చెర్నోబిల్ పరిసరములలో శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి గాలిని వడగట్టి కొలిచిరి. నేలపై ఒక చదరపు మీటరులో ఎంత పదార్థమున్నది, ఆ నేలపైని ఒక ఘన మీటరు గాలిలో ఎంత ఉన్నది అని పోల్చి చూచిరి. పదార్థము పడిన తొలి దినములలో అది ఇంకను నేలకు అంటుకొనదు గనుక లక్షలో ఒక వంతునుండి పది లక్షలలో ఒక వంతువరకు గాలిలో ఉండవచ్చును. వర్షములు కురిసి, గడ్డి మొలచి, రేణువులు మట్టిలో దిగిన కొలది ఇది వేగముగా తగ్గిపోవును. పది సంవత్సరముల పిమ్మట, కదలింపని నేలపై, నూరు కోట్లలో ఒక వంతునకు దిగిపోయినది.

ఇప్పుడు చదరపు మీటరునకు 10 లక్షల బెకరెల్‌ల సీజియము గల ఊరిని తీసికొందము. ఇది ప్రజలను తరలింపవలసినంత పెద్ద మొత్తము. పది సంవత్సరముల తరువాత ఆ ఊరి గాలిలో ఘన మీటరునకు బెకరెల్‌లో వెయ్యవ వంతు ఉండును. మనుష్యుడు దినమునకు సుమారు 20 ఘన మీటర్ల గాలి పీల్చును. అనగా దినమునకు 0.02 బెకరెల్ లోపలికి పోవును. ఇక పాలను చూడుడు. ప్రమాదానంతరము సోవియట్ ప్రభుత్వము లీటరు పాలలో 370 బెకరెల్‌ల సీజియమును అనుమతింపదగిన హద్దుగా నిర్ణయించినది. ఆ హద్దులో నున్న ఒక్క లీటరు పాలతో పోవు సీజియము, పై లెక్కప్రకారము, ఆ ఊరిలో 50 సంవత్సరములు గాలి పీల్చినదానికి సమానము! హద్దు మీరిన పాల సంగతి చెప్పనేల? తొలి దినములలో గాలి లెక్క దీనికి పది వేల రెట్లుండి దినమునకు 200 బెకరెల్‌ల వరకు పోయినను, పాలతో పోల్చినపుడు తక్కువయే.

ఈ లెక్క కాగితముపైని లెక్క మాత్రమే కాదు. ప్రమాదకాలమున పిల్లలుగాను, పదునెనిమిదేండ్ల లోపువారుగాను ఉండినవారిలో 2005 వరకు 6,000కు పైగా గొంతులోని థైరాయిడ్ గ్రంథి కాన్సరులు కనుగొనబడినవి. వీనిలో గణనీయమైన భాగమునకు తొలి వారములలో త్రాగిన పాలలోని అయొడినే కారణమని ఐక్యరాజ్యసమితి శాస్త్రసంఘము నిర్ణయించినది. కిటికీలు మూసికొని, ఇంటి ఆవు పాలు పిల్లలకు పోసిన గృహములు ఎన్నియో. చెప్పవలసినవారు సకాలమున చెప్పకపోవుటయే ఇందులకు మూలము. పచ్చికపై పడిన అయొడిను ఎనిమిది రోజులకు సగమగుచుండును గనుక, ఆ పాలను కొన్ని వారములపాటు మాని యుండినచో, లేదా వెన్న, జున్నుగా చేసి నిలువ ఉంచినచో, చాల కష్టము తప్పెడిది.

అయితే ధూళిని లెక్కలోనుండి తీసివేయరాదు. దానికి రెండు కారణములు గలవు. మొదటిది ప్లుటోనియము. దీనిని మ్రింగినచో చాలవరకు శరీరమునుండి వెలుపలికి పోవును. పీల్చినచో ఊపిరితిత్తులలో ఏండ్ల తరబడి నిలిచిపోవును. ఒకే పరిమాణము పీల్చినందువలన కలుగు హాని, మ్రింగినదానికంటె పదుల రెట్లు, కొన్ని రూపములలో వందల రెట్లు అధికము. అందుచేతనే, రియాక్టరు ఇంధనపు తునకలు పడిన 30 కిలోమీటర్ల లోపలి నేలలో ధూళిని గూర్చి అంత జాగ్రత్త తీసికొనిరి. రెండవది, పై లెక్క కదలింపని నేలకు వర్తించునది. పొడి నేలలో ట్రాక్టరు దున్నునపుడు దాని వెనుక లేచు ధూళిమేఘములో ఈ పదార్థములు ఊరి గాలిలోని వానికంటె ఎన్నో రెట్లు హెచ్చుగా నుండును. ఆ ధూళి ఎక్కువ దూరము పోదు. ఊరిలోని వారికి దాని వలన కలుగు మార్పు స్వల్పము. ట్రాక్టరుపై కూర్చున్నవానికి మాత్రము స్వల్పము కాదు. కనుకనే మూసిన గది గల ట్రాక్టరులను వాడుట, ముక్కునకు గుడ్డకవచము కట్టుట, నేల చెమ్మగా నున్నపుడే దున్నుట అను నియమములు వచ్చినవి. ఊరందరికి ఒకే మాట చెప్పుటకంటె, ధూళిలో పనిచేయు నలుగురిని గుర్తించి వారికి వేరుగా చెప్పుట ఎక్కువ ఫలమిచ్చునని మా అభిప్రాయము.

నిప్పు

గాలికంటె ధూళిని ఎత్తుకొనిపోవునది మరియొకటి గలదు. అది నిప్పు. అడవిలోని ఆకులు, నాచు, బెరడు, నేలపైని రాలుగుడు సీజియమును పట్టియుంచును. కాలినపుడు అందు కొంత పొగతో పైకి పోవును. మిగిలినది బూడిదలో చిక్కబడి తేలికపాటి గాలికే లేచును. చెర్నోబిల్ నిషిద్ధ ప్రాంతములో మనుష్యులు లేనందున అడవి దట్టముగా పెరిగినది. 2020 ఏప్రిలులో అచ్చట చెలరేగిన కార్చిచ్చు వారముల తరబడి ఆరలేదు. ఎండుగడ్డికి పెట్టిన నిప్పు అడవికి ప్రాకినదని పోలీసులు తెలిపిరి. పొగ కీవ్ నగరమువరకు పోయినది. అచ్చటి గాలిలో సీజియము కొంత పెరిగినను ఆరోగ్యమునకు హాని చేయు స్థాయికి చాల దిగువననే ఉండినట్లు కొలతలు చూపినవి. మంటల దగ్గర నిలిచి పోరాడిన సిబ్బంది స్థితి వేరు.

కలుషితమైన అడవి కట్టెలను పొయ్యిలో కాల్చి, ఆ బూడిదను పెరటి దొడ్డిలో ఎరువుగా చల్లుట ఆ ప్రాంతముల రైతులకు తరతరాల అలవాటు. బూడిదలో సీజియము కట్టెలోకంటె అనేక రెట్లు చిక్కబడును. అడవిలో చెట్టుకు పట్టియున్న విషము ఈ విధముగా ఊరి కూరగాయల మడిలోనికి నడచి వచ్చెడిది. గాలితో పనియే లేదు. కొయ్యకాళ్లకు నిప్పు పెట్టుట మన జిల్లాలలో గూడ కానవచ్చు అలవాటే గనుక ఈ సంగతిని విడువక వ్రాయుచున్నాము.

2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు చెర్నోబిల్ ప్రాంతముగుండ వచ్చినపుడు అచ్చటి కొలత యంత్రములు హఠాత్తుగా హెచ్చు సంఖ్యలను చూపినవి. బరువైన యుద్ధవాహనములు నేలను చిందరవందర చేసి ధూళి లేపుటచే ఇట్లు జరిగినదని యుక్రెయిను అధికారులు చెప్పిరి. ధూళి మాత్రముచేత అంత పెరుగుదల సాధ్యము కాదని కొందరు శాస్త్రజ్ఞులు తరువాత వాదించిరి.

పైమట్టి గీకిన ఊళ్లు

2011 మార్చి 11న జపానులో భూకంపము, సముద్రపు ఉప్పెన కలసి ఫుకుషిమా అణు కేంద్రమును దెబ్బతీసినవి. మార్చి 15న వాయవ్య దిశగా పోయిన మేఘముపై వానయు, మంచును కురియుటచే, కేంద్రమునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న ఇటాటే అను కొండగ్రామము తీవ్రముగా కలుషితమైనది. ఆరు వేల జనాభా గల ఆ గ్రామమును ఖాళీ చేయవలసినదని తరువాతి నెలలో ఉత్తరువు వచ్చినది. చాలభాగమునకు ఆ ఉత్తరువు తొలగినది 2017 మార్చి 31న.

జపాను ప్రభుత్వము ఎన్నుకొనిన మార్గము పైమట్టిని గీకివేయుట. సీజియము పైపొరలోనే యుండునని ముందు చెప్పితిమి గదా. వరిమడులలో సుమారు 5 సెంటీమీటర్ల మందమున మట్టిని గీకి, సంచులలో నింపి, దాని స్థానమున కొండ ఇసుకమట్టిని పరచిరి. ఇందువలన కొలతలు తగ్గినవి. ధూళి భయమును తగ్గినది. కాని రైతు దృష్టితో చూచినపుడు మరియొక నష్టము కానవచ్చును. గీకివేసిన ఆ రెండంగుళములే తాతముత్తాతలనాటినుండి ఎరువు తోలి, పశువుల పెంట వేసి, సారవంతము చేసిన మట్టి. దాని స్థానమున వచ్చినది కంకర కలిసిన సత్తువలేని మన్ను. మట్టిని గీకక, లోతు దుక్కిచే పైపొరను అడుగునకు త్రిప్పివేయు పద్ధతి గూడ గలదు. బెలారస్, యుక్రెయిను, రష్యాలలో దానిని, పొటాషు, సున్నము వేయుటను ఎక్కువగా అనుసరించిరి. ఈ పద్ధతిలో సారము పొలముననే ఉండును, విషమును పొలముననే ఉండును. పైరు వేళ్లకు, గాలికి మాత్రము దూరమగును. తేలికనేలలో మరల దున్నునపుడు అది పైకి రాకుండ చూచుకొనవలెను. ఏది మేలన్న ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. భూమి ఎంత విలువైనది, ఎంత మంది తిరిగి రాదలచిరి, మట్టిని ఎచ్చట పోయుదురు అను వాని మీద అది ఆధారపడియుండును.

జపానులో మరియొక విచిత్రము తెలియవచ్చినది. నమియే పట్టణపు త్సుషిమా ప్రాంతమున గాలిని ఏండ్ల తరబడి కొలిచినవారికి వేసవిలో, వానలు పడి నేల తడిసి యుండు కాలముననే, గాలిలో సీజియము పెరుగుట కనబడినది. దుమ్ము లేవని కాలమున ఇది ఎచ్చటినుండి వచ్చును? వడగట్టిన రేణువులను సూక్ష్మదర్శినిలో చూడగా అవి పుట్టగొడుగులు, బూజుజాతులు విడుచు విత్తన రేణువులని తేలినది. అడవినేలలోని సీజియమును అవి పీల్చుకొని తమ రేణువులతో గాలిలోనికి విడుచుచున్నవి. పరిమాణము మిక్కిలి స్వల్పమే. కాని పొలములను, ఇండ్లను శుద్ధిచేసి, కొండపైని అడవిని విడిచిపెట్టినచోట నేల నుండి గాలికి గల దారులన్నియు మూతపడలేదని దీనివలన తెలియుచున్నది.

గీకిన మట్టి సంగతి ఇంకను తెమలలేదు. ఒక కోటి ముప్పది లక్షల ఘన మీటర్లకు పైబడిన ఆ మట్టిని కేంద్రము చుట్టునున్న ఒకుమా, ఫుతాబా పట్టణముల భూములలో చేర్చిరి. ఆ భూములను అమ్మియో, ఇచ్చియో పోయినవారు అచ్చటి రైతులే. ఇది తాత్కాలికపు నిలువ మాత్రమేననియు, 2045 మార్చి లోపల ఫుకుషిమా రాష్ట్రమునకు వెలుపల తుది స్థానమునకు చేర్చెదమనియు ప్రభుత్వము శాసనపూర్వకముగా మాట ఇచ్చినది. స్వల్ప కాలుష్యము గల మట్టిని రోడ్డు కట్టలలోను, ఇతర నిర్మాణములలోను వాడి పైన మంచి మన్ను కప్పవచ్చునని ప్రభుత్వ ఆలోచన. కాని ఆ మట్టిని తమ ఊరికి రానిచ్చుటకు ఇతర ప్రాంతముల ప్రజలు సులభముగా ఒప్పుకొనుటలేదు. ప్రజలకు నమ్మకము కలిగించు ఉద్దేశముతో 2025 జూలైలో టోకియోలోని ప్రధానమంత్రి కార్యాలయ ఆవరణమునకే కొంత మట్టిని తెచ్చి పోసి, దానిపై మామూలు మన్ను కప్పిరి. తక్కిన మట్టి ఏ ఊరికి పోవలెనో ఇంకను నిర్ణయము కాలేదు.